బీచ్ కాదు... గాలిని చూసి టికెట్ కొనండి!

నీలం నీళ్లు, రంగురంగుల తెరచాప, బోర్డుతో సహా గాల్లోకి లేచే కుర్రాడు... అలాంటి రీల్ ఒకటి చూడగానే ‘ఈ సమ్మర్‌కి మనమూ వెళ్దాం రా’ అని ఫ్రెండ్స్ గ్రూపులో మెసేజ్ పడిపోతుంది. కాస్త ఆగండి. విండ్‌సర్ఫింగ్‌లో బీచ్ అందం రెండో సంగతి. మొదటిది గాలి. లీవు పెట్టి, అంత ఖర్చు చేసి వెళ్లాక గాలి లేకపోతే ఒడ్డున కూర్చోవడమే. మరీ ఎక్కువైతే ఒడ్డే దూరమైపోతుంది!

ముందు మీ లెవెల్ తేల్చుకోండి

గాలి వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు. కొత్తవాళ్లకు 8 నుంచి 12 నాట్లు చాలు. 15 దాటితే బోర్డు నీటి మీద తేలిపోతూ పరుగెడుతుంది. అలల మీద ఎగరాలనుకునేవాళ్లకు 20 పైనే కావాలి. ఒక లెక్క గుర్తుంచుకోండి: గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే బలం నాలుగింతలవుతుంది. 12 నాట్లలో దర్జాగా నిలబడ్డవాళ్లు 24లో చేతులెత్తేసేది అందుకే.

టైముకొచ్చే గాలి

మధ్యాహ్నం విశాఖ బీచ్‌లో సముద్రం వైపు నుంచి చల్లగాలి మొదలవుతుంది కదా! నేల వేడెక్కి పైన గాలి లేస్తే, ఆ చోటికి చల్లగాలి వచ్చి చేరుతుంది. ఇటలీలోని గార్డా సరస్సులో జరిగేదీ దాదాపు ఇదే. ఉత్తరం కొసన ఉన్న టోర్బోలేలో పొద్దున్నే కొండల వైపు నుంచి ‘పెలేర్’ వీస్తుంది. మధ్యాహ్నం దక్షిణం నుంచి ‘ఓరా’ వస్తుంది. ఎండ బాగా కాస్తే ఓరా ఖాయం, మబ్బు పడితే డల్. ఆ ఉత్తర భాగంలో మోటారు బోట్లు తిరగకూడదు కాబట్టి ఆ భయమూ లేదు.

గ్రీసులోని లెఫ్కాడా దీవిలో ఉన్న వాసిలికిది ఇంకో పద్ధతి. పొద్దున మెల్లని గాలి, మధ్యాహ్నం తర్వాత జోరు. ఆ జోరుగాలికి అక్కడివాళ్లు ‘ఎరిక్’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. గ్యాంగులో సగం మంది కొత్తవాళ్లు, సగం మంది ఆరితేరినవాళ్లయితే ఈ ఊరే బెస్ట్. పొద్దున ఒకళ్లు, సాయంత్రం ఇంకొకళ్లు!

అలలే కావాలంటే...

స్పెయిన్‌కి చెందిన కేనరీ దీవుల్లో ఎండాకాలం వ్యాపార పవనాలు గట్టిగా వీస్తాయి. గ్రాన్ కనారియా దీవిలోని పోజో ఇజ్కియెర్డోలో గాలీ, అలలూ రెండూ దంచేస్తాయి. ఒడ్డంతా రాళ్లు. ప్రపంచ స్థాయి ఆటగాళ్లు పోటీపడే చోటు అది, నేర్చుకునే చోటు కాదు. పక్కనే ఫుయెర్తెవెంతురా దీవిలోని సోటావెంటోలో లోతు తక్కువ మడుగు ఉంటుంది. కొత్తవాళ్లు అందులో మొదలుపెట్టొచ్చు.

అదే దేశంలోని టరీఫా పేరు మీరు వినే ఉంటారు. ఆఫ్రికాకి 14 కిలోమీటర్ల దూరం. రెండు ఖండాల మధ్య ఇరుకులో గాలి దూసుకొస్తుంది. పడమటి గాలి ‘పోనియెంతే’ కాస్త నెమ్మది. తూర్పు గాలి ‘లెవాంతే’ మాత్రం మొండిది. ఒకసారి పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. పైగా చాలా బీచుల్లో అది సముద్రం లోపలికే తోస్తుంది.

ఈ మూడు దేశాలకూ ఒకే షెంగెన్ వీసా సరిపోతుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు.

అంత దూరం ఎందుకంటారా?

నైరుతి గాలి మన పక్కనే ఉంది. శ్రీలంకలోని కల్పిటియాలో మే నుంచి అక్టోబరు దాకా అదే జోరు. మడుగులో ఆడితే నీళ్లు సాఫీ, సముద్రం వైపు వెళ్తే అలలు. మన రామేశ్వరం, మండపం దగ్గర ఒకవైపు మన్నార్ సింధుశాఖ, ఇంకోవైపు పాక్ జలసంధి. అయితే ఈ రెండు చోట్లా కైట్‌సర్ఫింగ్ స్కూళ్లదే హవా. విండ్‌సర్ఫింగ్ బోర్డు, మీ బరువుకు తగ్గ తెరచాప దొరుకుతాయో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే బుక్ చేయండి.

డబ్బు కట్టేముందు ఇది అడగండి

‘ఆ నెలలో గాలి ఎటు నుంచి ఎటు వీస్తుంది?’ ఒడ్డుకు అడ్డంగా వీస్తే మంచిది. నేల మీంచి సముద్రంలోకి వీస్తే, ఒడ్డున నీళ్లు అద్దంలా ప్రశాంతంగా కనిపిస్తాయి. మోసపోయేది అక్కడే! లోపలికి పోయేకొద్దీ గాలి పెరుగుతుంది, తిరిగి రావడం కష్టమవుతుంది. అలాంటి చోట రెస్క్యూ బోటు ఉందంటేనే దిగండి. ఎంత అలసిపోయినా, ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా బోర్డు వదిలేసి ఈదొద్దు. బోర్డు తేలుతుంది. దూరం నుంచి వెతికేవాళ్లకు మీ తల కంటే ముందు కనిపించేదీ అదే.