పరదేశమున అద్దె యిల్లు

ఇల్లు చూచి యిల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట వినినపుడెల్ల, ఇల్లే దొరకని యిల్లాలిని చూచి లోకమేమనుకొనునో యని నాకు శంక కలుగుచుండెడిది. 2018వ సంవత్సరమున ఆ శంక నా యందే తీరినది. సోదరీమణులారా! పరదేశపు వింతలు వర్ణించుటకు నేనీ వ్యాసము వ్రాయుట లేదు. భర్తల వెంటను, చదువులకును, ఉద్యోగములకును మన యిండ్లనుండి విదేశములకు పోవు ఆడువారు నేడు పెక్కుమంది కలరు. వారిలో నొకరికైనను నా అనుభవము పనికివచ్చునేమో యని వ్రాయుచున్నాను. మరియొక కారణము కూడ కలదు. దానిని చివర మనవి చేసెదను.

మావారికి జర్మనీ దేశమున స్టుట్‌గార్ట్ నగరములో ఇంజనీరు పని దొరకినది. ఆ యేడు సెప్టెంబరులో ఆరేండ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకొని కాకినాడ విడిచితిమి. కంపెనీవారు ఒక నెలకు తాత్కాలికముగా బస ఏర్పాటు చేసిరి. ఒక గది, రెండు మంచములు, ఒక విద్యుత్పొయ్యి. నెల తిరుగులోపల మా యిల్లు మేమే వెదకుకొనవలెను. నాకేమియు దిగులు కలుగలేదు. మావారికి మంచి జీతము కలదు; కాకినాడ బ్యాంకులో నా పేర దాచుకొన్న సొమ్ము కలదు. అద్దె ఇచ్చుకోగలవారికి ఇల్లు దొరకకుండునా యనుకొంటిని.

మొదటి యిల్లు చూడబోయిన దినమున మెట్లమీద ఇరువదిమంది వరకు వరుస తీరి యుండిరి. ప్రతివారి చేతిలోను ఒక కాగితముల సంచి. అందులో మూడు నెలల జీతపు చీటీలు, బ్యాంకు ఖాతా వివరములు, షూఫా యను సంస్థవారి పత్రము. ఈ మనుజుడు అప్పులు సరిగా తీర్చునా లేదా యని ఆ పత్రము తెలుపును. ఆ సంస్థ 1927లో బెర్లినులో పుట్టినదట. నిన్న మొన్న విమానము దిగిన మాకు ఆ పత్రమెచటిది? ఇంటివాడు మర్యాదగానే అడిగెను: “అద్దె ఏ ఖాతానుండి పంపుదురు?” నేను నా కాకినాడ బ్యాంకు పుస్తకము తీసి చూపితిని. ఆయన దానిని అటు నిటు త్రిప్పి, నవ్వి, తిరిగి నా చేతికిచ్చెను. ఆ నవ్వులో ఎగతాళి లేదు. అయినను ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు.

మరునాడు ఖాతా తెరువవలెనని బ్యాంకునకు పోయితిమి. నగర కార్యాలయమున చిరునామా నమోదైన పత్రము తెండనిరి. నగర కార్యాలయమునకు పోగా, ఇంటివారు సంతకము చేసిన ధ్రువపత్రము లేక నమోదు చేయమనిరి. 2015 నవంబరునుండి ఆ దేశమున చట్టమే యట్లున్నది. ఇంట దిగిన రెండు వారములలో నమోదు చేయించుకొనవలెను. ఇంటివారి సంతకము ఉండితీరవలెను. మా తాత్కాలికపు బసవారు ఆ సంతకము చేయమనిరి. సరే, అద్దె యింటివారిచే చేయింతమన్నచో, వారు ముందు బ్యాంకు ఖాతా చూపుమనిరి. పిచ్చి కుదిరిననే గాని పెండ్లి కాదు, పెండ్లి అయిననే గాని పిచ్చి కుదరదన్న సామెత మన వారేనాడో చెప్పినది మాకొరకేనేమో!

మగవారికిది కాగితముల చిక్కు. ఆడుదానికి మాత్రము ప్రొద్దుటినుండి రాత్రివరకు సంసారపు చిక్కు. చిరునామా లేనిదే పన్నుల సంఖ్య తపాలాలో రాదు. ఏ పేటలో కాపురముందుమో ఆ పేట బడిలోనే పిల్లను చేర్చుకొందురు గనుక, మా అమ్మాయికి బడి లేదు. ఖాతా లేనందున మావారి జీతము కంపెనీవారి యొద్దనే నిలిచిపోయినది. పాలు, రొట్టె, బియ్యము కొన్నపుడెల్ల మన దేశపు కార్డు గీయుటయు, నూటికి మూడున్నర వంతున రుసుము పోవుటయు. “అమ్మా, మనకు డబ్బు లేదా?” యని అమ్మాయి యొకనాడు అడిగినది. ఉన్నదని చెప్పితిని. “అయితే ఇల్లెందుకు లేదు?” అన్నది. దానికి నా యొద్ద జవాబు లేదు.

మూడవ వారమున ఒక మోసము మా గుమ్మమువరకు వచ్చినది. ఒకడు ఫోనులో చక్కని యింటి ఛాయాచిత్రములు పంపెను. అద్దె ఇరుగుపొరుగు ఇండ్ల అద్దెలో సగము. తాను వేరొక దేశమున ఉద్యోగములో ఉన్నాననియు, 1,800 యూరోలు ముందుగా పంపినచో తాళపుచెవి తపాలాలో వచ్చుననియు వ్రాసెను. నాటి లెక్కకు అది మన సొమ్ము సుమారు లక్షా ఏబదివేలు. ఖాతా గీతా ఏమియు అడుగలేదు. మావారు అలసిపోయి యుండిరి. “ఇక ఏదో యొకటి తేల్చివేయుదము” అనిరి. నేను ఆ చిత్రములను మరల చూచితిని. అప్పటికి చూచిన యిండ్లలో పెక్కింట వంటగదిలో గోడకు రెండు గొట్టములు తప్ప ఏమియు లేదు. ఆ దేశమున వంటగది అమరికను అద్దెకున్నవారే తెచ్చుకొని, పోవునపుడు తీసికొనిపోవుట వాడుక. ఇతని యింట మాత్రము పొయ్యి, గిన్నెలు కడుగు యంత్రము, అలమరలు అన్నియు అమరియున్నవి; అద్దె సగమే! “ఏమండీ, చీర మడత విప్పి చూపనివాని యొద్ద మనము కొందుమా? ఇల్లు చూపుమని అడుగుడు” అంటిని. అడిగిరి. తరువాత వానినుండి జవాబు రాలేదు.

నెల ముగియుటకు నాలుగు దినములున్నదనగా, మావారితో పనిచేయు నొక జర్మను యువకుడు తన అమ్మమ్మగారి స్నేహితురాలి యింటి మేడమీది వాటా ఖాళీగా నున్నదని చెప్పి మమ్ము వెంటబెట్టుకొని పోయెను. కొండవాలున పాత యిల్లు. ఇంటియామెకు డెబ్బది యెనిమిదేండ్లు. కాగితములన్నియు చూపి, లేనివాటిని లేవని చెప్పితిమి. ఆమె కంపెనీ నియామక పత్రము మాత్రము చదివి, మా అమ్మాయి తలపై చేయి వేసి, ఏదో చాలసేపు చెప్పెను. ఆ యువకుడు మాకు మాట వెంబడి మాటగా తెలియజెప్పెను.

రెండవ ప్రపంచ యుద్ధము ముగియు కాలమునను ముగిసిన పిమ్మటను తూర్పు ప్రాంతములనుండి సుమారు కోటి యిరువది లక్షలమంది జర్మనులు ఇండ్లు వాకిండ్లు విడిచి రావలసివచ్చినదని మీరు చదివియుందురు. ఆమె వారిలో నొకతె. 1946లో ఆరేండ్ల పిల్లగా బొహీమియానుండి తల్లితోను ఇద్దరు తమ్ములతోను వచ్చినదట. అధికారులు వారిని ఒక రైతు ఇంటి గదిలో నిర్బంధముగా దింపిరట. ఆ రైతు భార్య మూడు నెలలు వారితో మాటలాడలేదట. “మా యొద్ద అప్పుడు ఒక్క కాగితమును లేదు. మీ యొద్ద ఇన్ని ఉన్నవి” అని ఆమె నవ్వెను.

ఆమె దయ చూపినది గాని లెక్క విడువలేదు. అద్దె నెలకు 780 యూరోలు. పూచీసొమ్ము మూడు నెలల అద్దెకు మించరాదనియు, దానిని మూడు సమభాగములుగా చెల్లించు హక్కు అద్దెదారునకు కలదనియు ఆ దేశపు చట్టము. అది ఆమెయే మాకు చెప్పెను. మొదటి భాగమును కాకినాడలో మా నాన్నగారు బ్యాంకునకు పోయి, ఫారము నింపి, తమ ఖాతానుండి నేరుగా ఆమె ఖాతాకు పంపిరి. ఆమెకు చేరినది 762 యూరోలు! తక్కిన పదునెనిమిదియు నడుమ బ్యాంకులు మ్రింగినవి. ఆమె చీటీపై ఆ లెక్క వ్రాసి మేడమీదికి తెచ్చెను. నేను నాణెములు లెక్కపెట్టి యిచ్చితిని. రసీదు వ్రాసి యిచ్చెను. ఖర్చులన్నియు పంపువారే భరించునట్లు ముందుగా బ్యాంకులో చెప్పవలెనని తరువాత తెలిసికొంటిమి.

ఒడంబడికపై ఆమె యిద్దరి సంతకములు కోరెను. మరునాడు చిరునామా నమోదైనది. పదిదినములలో ఖాతా తెరువబడినది. తరువాతి వారము అమ్మాయి బడికి పోయినది. జీతము తనది గనుక ఖాతా తన పేర చాలునని మావారు తలచిరి. నేనొప్పుకొనలేదు. తెలియని దేశమున ఆయనకు జ్వరము వచ్చి పడకనెక్కినచో, అద్దె కట్టు అధికారము నాకు లేకపోవుట ఎంత ప్రమాదము! ఆయన ఆలోచించి, “నిజమే” అనిరి. ఖాతా ఇద్దరి పేర తెరచితిమి. ఆ ప్రాంతమున మెట్లు ఊడ్చు వంతు ఇంటింటికి మారుచుండును. వంతు వచ్చినవారి తలుపునకు పలక వ్రేలాడదీయుదురు. మా తలుపునకు పలక వచ్చిన మొదటి శనివారము, మెట్లు కడిగి, క్రింది మెట్టుమీద సుద్దతో చిన్న ముగ్గు పెట్టితిని. ఇంటియామె చూచి ఊరకుండెను. వాన వచ్చువరకు దానిని త్రొక్కలేదు.

విదేశమునకు పోవు సోదరీమణులకు నేను చెప్పదగినవి కొన్ని కలవు. ఇల్లు కంట చూడక, ఒడంబడిక చేత బట్టక, ఒక్క రూపాయి పంపరాదు. నియామక పత్రము, వివాహ పత్రము, మునుపటి యింటివారిచ్చిన లేఖ, వీని ఆంగ్లానువాదములు ఇచటనే సిద్ధపరచుకొనవలెను. తాత్కాలికపు బస కుదుర్చుకొనునప్పుడే చిరునామా నమోదునకు సంతకము చేయుదురా యని అడుగవలెను. జర్మనీలో 2016 జూన్‌నుండి యొక చట్టమున్నది. న్యాయముగా నివసించువారెవరైనను, స్థిరమైన చిరునామా లేనివారు సైతము, సామాన్యపు ఖాతా నొకటి తెరచుకొను హక్కు కలవారు. ఈ సంగతి మాకు ముందు తెలిసినచో నెల దినముల కన్నీరు తప్పియుండెడిది. ఇంట దిగునాడు గోడల మరకలు, తలుపుల పగుళ్ళు, మీటర్ల అంకెలు వ్రాసికొని ఇరువురును సంతకము చేయుట మరువరాదు. ఇల్లు విడుచునాడు పూచీసొమ్మును కాపాడునది ఆ కాగితమే. మూడేండ్లకు, 2021లో, మేము తిరిగి వచ్చునప్పుడు ఆమె మా పూచీసొమ్ము వడ్డీతో సహా ఇచ్చివేసెను.

ఇక మొదట చెప్పుదునన్న రెండవ కారణము. కాకినాడలో మా అత్తగారి యింటికి మేడమీద వాటా కలదు. 2011లో ఒక మండు వేసవి మధ్యాహ్నమున, ఒడిశానుండి వచ్చిన నర్సు పిల్ల ఒకతె అడ్వాన్సు సొమ్ము చేత పట్టుకొని వచ్చినది. ఆసుపత్రివారి లేఖయు చూపినది. అత్తగారును నేనును ఆ లేఖ చదువలేదు. “ఈ ఊరిలో మీవారెవరమ్మా?” అని మాత్రము అడిగితిమి. ఎవరును లేరన్నది. ఇల్లు ఇచ్చుట లేదంటిమి. ఆ పిల్ల మంచినీళ్ళడిగి త్రాగి, గ్లాసు కడిగి బోర్లించి పోయినది. స్టుట్‌గార్టులో నా బ్యాంకు పుస్తకమును ఇంటివాడు తిరిగి నా చేతికిచ్చిననాడు నాకు నిదుర పట్టనీయనిది ఆ బోర్లించిన గ్లాసే.

గత నెలలో మా మేడమీది వాటాకు అనంతపురమునుండి ఒక ఉద్యోగిని వచ్చినది. అత్తగారు అలవాటు చొప్పున, “మీవారెవరమ్మా?” అనిరి. నేను ఆమె నియామక పత్రము చదివితిని. అద్దె బ్యాంకు ద్వారా పంపుదువా యని అడుగగా ఆ పిల్ల తడబడి, “ఇక్కడి బ్రాంచిలో ఖాతా యింకను తెరువలేదండీ. ముందు ఈ ఊరి చిరునామా కావలెనన్నారు” అన్నది. నేను లోనికి పోయి మేడ తాళపుచెవి తెచ్చి ఆమె చేతికిచ్చితిని. ఒడంబడిక వ్రాసికొంటిమి; రసీదును ఇచ్చితిని.