వేడి చేసిందా, ఒళ్లు చల్లబడిందా? కాండిడాతో నా రెండేళ్లు



ఈ పత్రికలో ప్రతి నెలా పిల్లల చదువుల గురించి, పరీక్షల గురించి, లంచ్ బాక్సుల గురించి చదువుతుంటాం. ఈసారి మన ఇళ్లలో ఆడవాళ్లు సాధారణంగా బయటికి చెప్పుకోని విషయం ఒకటి రాస్తున్నాను. అది కాండిడా అనే ఫంగస్ గురించి. నాకు 41 ఏళ్లు. విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో పని చేస్తాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి మన స్కూల్లోనే చదువుతున్నారు.

ఒక్క ఏడాదిలో నాకు ఈ ఇన్‌ఫెక్షన్ నాలుగుసార్లు వచ్చింది. దురద, మంట, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట. మార్చి నెలాఖరు పనుల్లో పది గంటలు కుర్చీలో కూర్చోవాలి. కూర్చోలేను, ఎందుకు కూర్చోలేకపోతున్నానో పక్కసీటు వాళ్లకు చెప్పలేను. దానికి తోడు విపరీతమైన నీరసం. మే నెల ఎండల్లో అందరూ ఏసీ పెంచమంటుంటే నేను చున్నీ కప్పుకుని కూర్చునేదాన్ని. జుట్టు దువ్వెన నిండా వచ్చేది. సాయంత్రం పిల్లల హోమ్‌వర్క్ చూస్తూ చూస్తూ అక్కడే నిద్రపోయేదాన్ని.

ఇంట్లో ఒక మాట, ఫోన్లో ఒక మాట

మా అత్తయ్యది ఒకటే మాట: "వేడి చేసిందమ్మా." సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేవారు, బార్లీ నీళ్లు కాచేవారు, కొబ్బరిబోండాం తెప్పించేవారు. మన తెలుగిళ్లలో తెల్లబట్ట అయినా, నోరు పూసినా, కళ్లు మండినా కారణం వేడే.

టెక్సాస్‌లో ఉండే మా పెదనాన్నగారి అమ్మాయి సరిగ్గా దీనికి తిరగేసి చెప్పింది. "నీ టెంపరేచర్ చూసుకో. ఒళ్లు చల్లబడితేనే కాండిడా పెరుగుతుంది" అంది. మానేయాల్సిన వాటి జాబితా కూడా పంపింది. అన్నం, పంచదార, బెల్లం, పండ్లు, బ్రెడ్, పుట్టగొడుగులు, వెనిగర్, పులిసిన పిండితో చేసినవన్నీ అందులో ఉన్నాయి. అంటే ఇడ్లీ లేదు, దోసె లేదు, అన్నం లేదు, అరటిపండు లేదు. చివరికి పెరుగు కూడా లేదు. ఆ జాబితా ప్రకారం వెళితే మా ఇంట్లో నాకు మిగిలేది కూరా చారూ.

థర్మామీటర్ పెట్టుకుని చూశాను. పొద్దున్నే 96.4 ఫారెన్‌హీట్. వారం రోజులు రాసుకున్నాను. ఒక్కరోజు కూడా 97 దాటలేదు. అత్తయ్య చెప్పిన వేడి థర్మామీటర్లో కనిపించలేదు. అక్క చెప్పిన చల్లదనం మాత్రం కనిపించింది. అయితే ఒక అంకె కనిపించినంత మాత్రాన దాని వెనకున్న కారణం తెలిసినట్టు కాదు కదా! జాబితాను, వారం అంకెలను పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

డాక్టరమ్మ విడదీసి చెప్పిన సంగతులు

ఆవిడ జాబితా మొత్తం చదివారు. నవ్వలేదు, కసురుకోలేదు. "ముందు ఇది కాండిడాయేనా కాదా చూద్దాం" అని శాంపిల్ తీసి పరీక్షకు పంపారు. తెల్లబట్ట అయిన ప్రతిసారీ అది కాండిడా కాదట. బాక్టీరియా వల్ల వచ్చేవి ఉంటాయి, వేరే పరాన్నజీవి వల్ల వచ్చేవి ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో మందు. నాకు మాత్రం కాండిడాయే అని తేలింది.

కాండిడా ఎక్కడినుంచో వచ్చి మీదపడే శత్రువు కాదు. మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద చాలామందికి ఎప్పుడూ ఉండేదే. మంచి బాక్టీరియా దాన్ని అదుపులో ఉంచుతుంది. యాంటీబయాటిక్స్ వాడినప్పుడు ఆ బాక్టీరియా కూడా పోయి దీనికి చోటు దొరుకుతుంది. షుగర్ అదుపులో లేకపోయినా, స్టెరాయిడ్ మందులు వాడుతున్నా, గర్భంతో ఉన్నా, రోగనిరోధక శక్తి తగ్గినా ఇది పెరుగుతుంది. ప్రతి నలుగురు ఆడవాళ్లలో దాదాపు ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. ఏడాదిలో మూడుసార్లు, అంతకంటే ఎక్కువ వస్తే మాత్రం కారణం వెతకాలి.

మరి ఒళ్లు చల్లబడితే ఇది పెరుగుతుందన్న మాట? బయట మట్టిలో, చెట్ల మీద ఉండే చాలా ఫంగస్‌లు మన ఒంటి వెచ్చదనాన్ని తట్టుకోలేవు. కాండిడా అలా కాదు. మనిషి ఒంట్లో బతకడానికి అలవాటు పడింది. 98.6 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు తగ్గడం దానికి వరమూ కాదు, పెరగడం శాపమూ కాదు.

ఆ 98.6 అన్న అంకె కూడా 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన వుండర్‌లిష్ అనే వైద్యుడు వేలమంది రోగుల ఉష్ణోగ్రతలు కొలిచి చెప్పిన సగటు. 1868లో ఆయన పుస్తకం వచ్చింది. ఇప్పటి మనుషుల సగటు అంతకంటే కొంచెం తక్కువేనని ఈమధ్య పరిశోధనలు చెబుతున్నాయి. పొద్దున్న తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. చంకలో పెడితే నోట్లో కంటే తక్కువ చూపిస్తుంది. అయితే 95 కంటే తగ్గితే మాత్రం అది అత్యవసరం, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

"మీ 96.4 ఒక్కటే అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు. దానితోపాటు చలి, నీరసం, జుట్టు రాలడం కూడా చెప్పారు కాబట్టి థైరాయిడ్ చూద్దాం" అన్నారు డాక్టరమ్మ. టీఎస్‌హెచ్ 9.8 వచ్చింది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. అంటే షుగర్ జబ్బు కాదు కానీ దాని గడప దగ్గరున్నాను. 5.7 నుంచి 6.4 వరకు ఆ గడపే, 6.5 వస్తే లోపలికి అడుగుపెట్టినట్టు. ఐరన్ నిల్వలు కూడా తక్కువే.

అంటే నాకున్నది ఒక్క జబ్బు కాదు. దురదకు కారణం వేరు, చలికీ నీరసానికీ కారణం వేరు. అన్నిటికీ ఒకే పేరు పెట్టుకుని అన్నం మానేసి ఉంటే థైరాయిడ్ అలాగే ఉండిపోయేది.

ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చింది?

నీరసం, మతిమరుపు, కడుపుబ్బరం, చిరాకు అన్నిటికీ కాండిడాయే మూలమన్న వాదన అమెరికాలో 1980ల్లో బాగా వ్యాపించింది. 1983లో విలియం క్రూక్ అనే వైద్యుడు రాసిన పుస్తకం దీన్ని ఇంటింటికీ చేర్చింది. చక్కెర, ఈస్ట్ మానేసే పథ్యం అందులోనిదే. 1986లో అక్కడి అలర్జీ వైద్యుల అకాడమీ ఈ వాదనకు రుజువు లేదని ప్రకటించింది. 1990లో ఇలాంటి లక్షణాలున్న 42 మంది ఆడవాళ్లకు కొన్నాళ్లు నిస్టాటిన్ అనే ఫంగస్ మందు, కొన్నాళ్లు ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. స్థానికంగా ఉన్న దురద, మంట తగ్గడంలో మందు పనిచేసింది. నీరసం లాంటి మిగతా బాధల్లో మాత్రం ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా ఏమీ చేయలేదు.

మా అమ్మాయికి సైన్స్ ప్రాజెక్టు కోసం ఈ కథలో ఇంకో ముక్క దొరికింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు సారథ్యం వహించిన రోజుల్లోనే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటపడింది. 1948లో వాడకంలోకి వచ్చింది. ఎన్నో రకాల బాక్టీరియా మీద పనిచేసే ఇలాంటి మందులు లెక్కలేనన్ని ప్రాణాలు నిలబెట్టాయి. వాటిని వాడిన కొందరి నోట్లో కాండిడా పెరగడాన్ని కూడా వైద్యులు అప్పుడే గమనించారు. 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు నిస్టాటిన్ కనుగొన్నారు. వాళ్లు పనిచేసిన న్యూయార్క్ స్టేట్ పేరులోంచే ఆ మందు పేరు వచ్చింది. ఇంకో విచిత్రం, సుబ్బారావు గారి గౌరవార్థం ఒక ఫంగస్ ప్రజాతికి సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు!

నా కంచంలో ఏం మారింది?

డాక్టరమ్మ అక్క జాబితాను పూర్తిగా చెరిపేయలేదు. పంచదార దగ్గర టిక్ పెట్టారు. కాండిడాను పస్తు పెట్టి చంపడానికి కాదు, నా షుగర్ గడప దాటకుండా ఉండటానికి. షుగర్ అదుపులో ఉంటే కాండిడా తిరగబెట్టే అవకాశం కూడా తగ్గుతుంది. ఇడ్లీ పిండిని పులియబెట్టేది ప్రధానంగా లాక్టిక్ బాక్టీరియా. బ్రెడ్‌లో ఈస్ట్ వేరే జాతి. వాటిని తింటే కాండిడా పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదన్నారు. పెరుగు తినండి, అదే మందు అని మాత్రం అనుకోవద్దన్నారు.

ఇప్పుడు పొద్దున్న నాలుగు ఇడ్లీల బదులు రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు. వారానికి రెండుసార్లు పెసరట్టు, ఉప్మా లేకుండా. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గింది, పప్పు, కూర రెట్టింపయ్యాయి. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటాను, అందులోని ఐరన్ ఒంటికి పట్టడానికి. భోజనం అవగానే టీ తాగను, అది ఐరన్‌ను పట్టనివ్వదు. టీలో పంచదార పోయింది. పండ్లలో జామ, బొప్పాయి. మామిడిపండ్ల రోజుల్లో రెండు ముక్కలు, అదీ భోజనం తర్వాత కాదు, సాయంత్రం. సంక్రాంతికి ఒక అరిసె తిన్నాను. ఒక్కటే. అత్తయ్య రెండోది చేతిలో పెట్టబోయి, నా మొహం చూసి బాబు చేతిలో పెట్టారు.

థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున. తర్వాత అరగంట నుంచి గంట వరకు కాఫీ, టిఫిన్ లేవు. ఐరన్ మాత్రకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. అందుకే ఐరన్ మధ్యాహ్నం ఆఫీసులో వేసుకుంటాను. కాండిడాకు డాక్టరమ్మ రాసిన మాత్ర మొదట కొన్ని రోజుల తేడాతో, తర్వాత ఆరు నెలలపాటు వారానికొకటి. దురద తగ్గగానే మాత్ర మానేయకూడదని గట్టిగా చెప్పారు. బిగుతైన సింథటిక్ బట్టలు పోయి నూలు వచ్చింది. సువాసన సబ్బులతో, వాష్‌లతో కడగడం లేదు, మామూలు నీళ్లే.

అత్తయ్య బార్లీ నీళ్లు మాత్రం ఆగలేదు. పంచదార వేయనంతవరకు తాగమన్నారు డాక్టరమ్మ. ఆ మాట ఇంటికొచ్చి చెబితే అత్తయ్య మొహం వెలిగిపోయింది.

ఇప్పుడు టీఎస్‌హెచ్ 3లోపు, హెచ్‌బీఏ1సీ 5.8. గత తొమ్మిది నెలల్లో ఒక్కసారే ఇన్‌ఫెక్షన్ వచ్చింది, అదీ పన్ను పీకించుకుని యాంటీబయాటిక్ వాడాక. టెంపరేచర్ 97కు కొంచెం అటూఇటూ ఉంటుంది. ఈమధ్య కొలవడం లేదు. చున్నీ భుజం మీదే ఉంటోంది, అది చాలు.

పిల్లలతో మాట్లాడదాం

నాకు అసలు దిగులు ఈ జబ్బు గురించి కాదు, మా అమ్మాయి గురించి. 13 ఏళ్ల పిల్ల. రేపు తనకు ఏదైనా ఇబ్బంది వస్తే నాలాగే తలుపేసుకుని ఏడుస్తుందా? ఒక ఆదివారం తనకు నూనె రాస్తూ అన్నీ చెప్పాను. ఈ వయసులో కాస్త తెల్లగా కనిపించడం మామూలేనని, దురద, మంట, వాసన ఉంటే మాత్రం నాకు చెప్పాలని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "అమ్మా, మా క్లాసులో ఒకమ్మాయి ఇదేదో పెద్ద జబ్బనుకుని భయపడుతోంది. తనకి చెప్పొచ్చా?" చెప్పమన్నాను. వాళ్లమ్మకు కూడా చెప్పమను అన్నాను.

మగపిల్లలకూ దీనితో పని ఉంది. మా బాబుకు ఆయాసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడతాం. వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పూత కడుతుంది. అదీ కాండిడాయే. వాడికి అది ఆటలా నేర్పించాం. ఇప్పుడు నేను మర్చిపోయినా వాడు గుర్తుపెట్టుకుంటాడు.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి

• స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉన్న మందు డాక్టరు రాస్తేనే కొనాలి. జలుబుకు, మామూలు వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు.

• దురద అనగానే మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము తీసుకోవద్దు. ముందు హాయిగా ఉన్నట్టే ఉండి తర్వాత ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది.

• ఈత క్లాసు, స్పోర్ట్స్ పీరియడ్ తర్వాత తడి బట్టలు, తడి సాక్సులు వెంటనే మార్చుకోవాలి. బ్యాగులో ఒక జత అదనంగా పెట్టండి.

• ఎదిగే పిల్లలకు డాక్టరు సలహా లేకుండా అన్నం, పండ్లు, పాలు మాన్పించే పథ్యాలు వద్దు.

• ఎప్పుడూ చలి, నీరసం ఉంటే థర్మామీటర్ అంకెతో ఆగిపోకండి. రక్తపరీక్ష చేయించుకోండి.

• ఇన్‌ఫెక్షన్ ఏడాదిలో మూడుసార్లు వస్తే షుగర్ పరీక్ష తప్పనిసరి.

నాలుగేళ్ల క్రితం ఇదే పత్రికలో ఒక తల్లి తన రక్తహీనత గురించి రాస్తే కట్ చేసి ఫ్రిజ్ మీద అతికించుకున్నాను. ఈ పేజీ కూడా ఎవరికో ఒకరికి అలా పనికొస్తే సంతోషం. డాక్టరుకు చెప్పడానికి మాట రాకపోతే ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి. వాళ్లు చదువుకుంటారు.

— ఎనిమిది, మూడు తరగతుల విద్యార్థుల తల్లి, విజయవాడ