"మీ ఊరి సిగ్నల్ అంతే" అంటే ఊరుకోకండి

కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

మన సర్వర్లో పెట్టిన పాలిసెట్ పాత పేపర్ల ఫైలు దిగట్లేదని చింతపల్లి వైపు నుంచి రోజూ మెసేజ్‌లు. మా చెల్లిదీ అదే గోడు. 60 ఎంబీ ఫైలు, కొండెక్కి కూర్చున్నా గంటకి కూడా రావట్లేదు. పరీక్ష చూస్తే దగ్గరపడింది. హాస్టల్లో అడిగితే "మీ ఏజెన్సీలో సిగ్నల్ అంతే కదరా" అన్నారు. మరి అదే కొండ మీద యూట్యూబ్ ఎలా నడుస్తోంది?

సర్వర్ లైనక్స్‌ది, చూసుకునేది నేనే. ముందు సర్వర్ లోపలి నుంచే ఆ ఫైలుని కర్ల్‌తో దింపాను. రెప్పపాటులో అయిపోయింది. అంటే డిస్కుది తప్పు కాదు. సీపీయూ ఖాళీ. వేగానికి ఎక్కడా లిమిట్ పెట్టి లేదు. హాస్టల్ వైఫైలో కూడా గబగబా దిగింది. ఇక మిగిలింది దారి.

చెల్లిని డౌన్‌లోడ్ పెట్టమని, ఇటు సర్వర్లో ఎస్ఎస్ కమాండ్‌తో ఆ కనెక్షన్ లెక్కలు చూశాను. రీట్రాన్స్ అనే అంకె పెరుగుతూనే ఉంది. పంపిన ప్యాకెట్లు దారిలో పోతున్నాయి, మళ్లీ పంపాల్సి వస్తోంది.

అసలు సంగతి ఇక్కడుంది. లైనక్స్ మామూలుగా వాడే పద్ధతి క్యూబిక్. ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉందనుకుని, ఒక విడతలో పంపేదాన్ని దాదాపు 30 శాతం తగ్గించేస్తుంది. మన దగ్గర పోయేది చాలాసార్లు సిగ్నల్ బలం లేక. సంత జీపులోంచి ఒక బస్తా జారిపడితే, ముందు ట్రాఫిక్ ఉందని డ్రైవర్ స్లో చేసినట్టు!

దీనికి బీబీఆర్ అని ఇంకో పద్ధతి ఉంది. 2016లో గూగుల్ వాళ్లు బయటపెట్టారు, లైనక్స్ కెర్నల్ 4.9 నుంచి ఉంది. యూట్యూబ్‌కీ వాళ్లు దీన్నే వాడారు. పోయిన ప్యాకెట్లని చూసి బెదరదు, దారి ఎంత మోయగలదో కొలిచి పంపుతుంది. పంపే వైపు మారిస్తే చాలు, ఫోన్లో ఏం చేయక్కర్లేదు. పక్కవాళ్ల వాటా లాగేస్తుందని దీని మీద విమర్శ ఉంది గానీ, మన చిన్న సర్వర్‌కి అంత సీన్ లేదు. సిస్‌సీటీఎల్‌తో ఒక్క లైను మార్చాను.

పావుగంటలో చెల్లి మెసేజ్: "అన్నా, వచ్చేసింది. ఒక పేపర్ తలకిందులుగా స్కాన్ చేశారు."

సిగ్నలే లేని ఊళ్లకి ఇది పనిచేయదు, అది వేరే పోరాటం. అంతంతమాత్రం ఉన్నవాళ్ల కోసం ఫైలుని ఏడాదికొకటిగా ముక్కలు చేసి పెట్టాను. ఇంకా దిగకపోతే ఊరి పేరు, టైము కామెంట్లో పెట్టండి, ఆ టైముకి లెక్కలు చూస్తా.