రాచబాట మలుపు

ఊరగాయలను గూర్చియు, పిల్లల పెంపకమును గూర్చియు వ్రాయవలసినచోట బాటల వంపులను గూర్చి వ్రాయుట యేల యని మీరడుగవచ్చును. రెండేండ్ల క్రిందటి వఱకు మేమును అట్లే తలంచియుంటిమి. బాట వేయువారు వేఱు, బండ్లు తోలువారు వేఱు. ఇంటిపట్టున నుండు మాకు దానితో నేమి పని యనుకొంటిమి. ఆ యజ్ఞానమునకు మా యింటివారు భుజపుటెముకతో మూల్యము చెల్లించిరి.

మాది నల్లగొండ జిల్లాలోని హాలియా. నకిరేకల్లు కడ మొదలై నల్లగొండమీదుగా మాచర్లవైపు సాగు 565వ సంఖ్య జాతీయ రహదారి మా యూరిలోనుండియే పోవును. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ నీరు పాఱినది మొదలు ఈ ప్రాంతపు మెట్టచేలు మాగాణులైనవి. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు వెలసినవి. కోతల దినములలో ధాన్యపు ట్రాక్టరులును, లారీలును మా బాటలపై చీమలబారువలె సాగుచుండును.

మాకును బాటప్రక్కన, పిల్లకాలువ వంతెన దాటిన మలుపుకడ, మూడెకరముల పొలము కలదు. ఆ యేటి యాసంగి వరిని యంత్రముతో కోయించితిమి. యంత్రపుకోత ధాన్యమున తడి హెచ్చుగా నుండును. నూటికి 17 పాళ్ళు మించిన తడి యున్నచో కొనుగోలు కేంద్రమున తీసికొనరు. అందఱును చేయునట్లే మేమును ధాన్యమును తారుబాటపై, మలుపు లోపలి ప్రక్కన, ఆరబోయించితిమి. బండ్లు త్రొక్కకుండ చుట్టును రాళ్ళు పేర్పించితిమి. వానిలో పెద్దరాతిని కోడలును అత్తగారును కలిసి దొర్లించినారన్న మాట దాచనేల?

మా యింటివారు బడిపంతులు. ఆ దినములలో పరీక్షాపత్రములు దిద్దుటకై నల్లగొండకు పోయి, నాలుగవనాటి రాత్రి స్కూటరుపై మరలివచ్చుచుండిరి. ధాన్యమచట నున్నదని వారెఱుగరు. మలుపు తిరుగగానే ఎదుట కుప్ప కనబడెను. కుడికి త్రిప్పిరి, లారీ దీపములు కన్నులపై బడెను. మరల ఎడమకు త్రిప్పగా గింజలపై చక్రము జాఱి, బండి మేము దొర్లించిన రాతికే తగిలెను. భగవదనుగ్రహమున ప్రాణము దక్కినది. కట్టుతో వారు మంచముపై నుండగా మాకు అన్నము సహింపలేదు.

వారిని చూడవచ్చినవారిలో పూర్వశిష్యుడొకడు, ఇప్పుడు బాటల ఇంజనీరు, ఉండెను. "ఆ మలుపే చెడ్డది నాయనా, బాట తిన్నగా వేయరాదా?" యని మేమడిగితిమి. అతడు నవ్వి, "అమ్మగారూ, మీరు చల్ల చిలుకునపుడు కుండలో చల్ల ఎటు పోవును?" అనెను. అంచులకు ఎగబ్రాకునని చెప్పితిమి. "మలుపులో బండియు అట్లే వెలుపలికి పోజూచును. వేగము రెండింతలైనచో ఆ త్రోపు నాలుగింతలగును. దానిని ఆపునవి రెండే: బాట వాలు, చక్రపు పట్టు" అని అతడు వివరించెను.

మలుపులో బాట వెలుపలి యంచును ఎత్తుగా కట్టుదురట. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి నియమముల ప్రకారము మైదానభూములలో ఈ వాలు నూటికి 7 పాళ్ళు మించరాదు. ఏడు మీటర్ల వెడల్పు బాటకు వెలుపలి యంచు లోపలిదానికన్న 49 సెంటీమీటర్లు, అనగా మూరకు కొంచెము మించి, ఎత్తుగా నుండునన్నమాట. ఇంకను ఎత్తినచో మెల్లగా పోవు గడ్డిబండ్లు లోపలికి ఒరిగిపడును. అందుచేతనే వాలును బండి వేగములో ముప్పాతికకు సరిపడునట్లు లెక్కించి, మిగిలిన భారమును చక్రపు పట్టునకు వదలుదురు. ఆ పట్టునకు ఆధారమైన తారుపై మేము గింజలు పఱచితిమి!

రెండవది చూపు. నలోపాఖ్యానమున ఋతుపర్ణుని ఉత్తరీయము జాఱగా రథమాపుమని ఆతడనునంతలో అది యోజనము వెనుకబడెనని చిన్నతనమున నాయనగారికడ చదివితిమి. నేటి బండ్లును చెప్పగానే నిలువవు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవువాడు అడ్డును చూచి, తెలిసికొని, బ్రేకు వేసి నిలుచుటకు 120 మీటర్లు కావలెనని లెక్క. బ్రేకు వేయకముందే 55 మీటర్లు గడచిపోవును. మలుపులో చూపు లోపలి ప్రక్కనుండియే పోవును. అచట కంపచెట్టున్నను, ధాన్యపుకుప్ప యున్నను ఆ చూపు తెగును. 80 కిలోమీటర్ల వేగమున ఎదుటిబండిని దాటిపోవుటకైతే 470 మీటర్ల చూపు కావలెను. కావున ఒక ట్రాక్టరు మెల్లగా పోవుచుండగా దాని వెనుక బండ్లన్నియు బారుగట్టును. ఓపిక చాలనివాడొకడు గీత దాటును. అనర్థము అచట పుట్టును.

మఱి తిన్నని బాటయే మేలుకదా యంటిమి. కాదట. చాలదూరము తిన్నగా నుండి, హఠాత్తుగా ఇఱుకు మలుపు వచ్చు బాటయే మిక్కిలి అపాయకరమట. తిన్నని బాట వేగమును అలవాటు చేయును. మలుపు దానిని ఒక్కసారి విడువుమనును. కొందఱు బ్రేకు వేయుదురు, కొందఱు వేయరు. ఆ తారతమ్యమే బండ్ల ప్రవాహమును చెఱచును. అందుచేత మంచి మలుపు క్రమక్రమముగా వంగుచు ప్రారంభమగును. పాతబాటలు చెఱువుకట్టలను, పొలముల హద్దులను అనుసరించి పుట్టినవి. వంతెనను కాలువకు అడ్డముగా తిన్నగా కట్టుటలో ఖర్చు తక్కువ గనుక, బాటయే ఇటు వంగి, దాటి, అటు వంగును. మా చేనికడ మలుపు పుట్టుటకు కారణమిదియే.

ఇఱుకు మలుపులలో బాటను కొంత వెడల్పు చేయవలెననియు నియమము కలదు. పొడుగుబండి తిరుగునపుడు వెనుకచక్రములు ముందుచక్రముల జాడను విడిచి లోపలికి జరుగును గనుక, 61 నుండి 100 మీటర్ల వ్యాసార్ధముగల మలుపున రెండు వరుసల బాటకు 90 సెంటీమీటర్లు కలుపుదురు. ఈ మాట విని మాకు తల వంగిపోయినది. ఎవరో లెక్కలు కట్టి, సర్కారు సొమ్ము వెచ్చించి, ప్రాణరక్షణకై కలిపిన ఆ రెండు మూరల చోటే, ఎండ బాగుగా తగులునని మేము ఎన్నుకొన్న చోటు.

శిష్యుడు మమ్ము ఒక్క మాటయు అనలేదు. అతడు వెళ్ళిన పిదప మా యత్తగారు, "నాడు మనమే గదా ఆ రాయి దొర్లించినది" అని కన్నుల నీరు పెట్టుకొనిరి. మఱునాటి యుదయమున ఆమెయు మేమును గడ్డపాఱతో ఆ రాళ్ళన్నిటిని బాటనుండి త్రోసివేసితిమి. ధాన్యము అమ్ముడైన పిదపను చాల ఇండ్లవారు రాళ్ళను బాటపైననే వదలి పోవుదురు. ఆ దినమున పొరుగువారి రాళ్ళను కూడ తొలగించితిమి.

తరువాతి పంటకు పొరుగున నున్న మూడిండ్ల స్త్రీలతో కలిసి మా చేనిలోనే ఒక కల్లము చదును చేయించి, టార్పాలిన్లు కొంటిమి. ఎండుటకు రెండుదినములు హెచ్చుగా పట్టినది. గింజలు తిరుగబోయుటకు నడుములు నొచ్చినవి. మగవారు కొంత గొణిగిరి. అయినను ఆ రాత్రులయందు బాటపై హారను మ్రోగినపుడెల్ల మేము ఉలికిపడి లేవలేదు.

మలుపులను మనము గీయలేము. వానిని ఖాళీగా నుంచుట మాత్రము మన చేతిలో నున్నది. ఈ కోతలకు మీ యింటి ధాన్యము ఎచట ఆరుచున్నదో ఒక్కసారి పోయి చూడుడు. అది మలుపున నున్నచో, ఆ బాటను వచ్చువాడు మీ యింటివాడే యనుకొనుడు.