వలపట సానియా

మేం ఉండేది అమెరికాలో ఒహాయో రాష్ట్రం, సిన్సినాటి పక్కనున్న మేసన్‌లో. ఏటా ఆగస్టులో ఇక్కడ పెద్ద టెన్నిస్ టోర్నీ జరుగుతుంది. జనమంతా సింగిల్స్ కోసం ఎగబడతారు. డబుల్స్ జరిగే కోర్టుల దగ్గర కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. సానియా మీర్జా ఆడినన్నాళ్లు మాత్రం ఇక్కడి తెలుగువాళ్లం ముందు వెతికింది డబుల్స్ షెడ్యూలే.

అవుకులో ఉండే మా నాయనకు ఈ లెక్క చాన్నాళ్లు మింగుడుపడలేదు. 2005లో సానియా హైదరాబాద్ ఓపెన్ సింగిల్స్ గెలిచింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ కొట్టిన మొదటి భారతీయురాలు తనే. ఆ ఏడే యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లింది. 2007లో 27వ ర్యాంకు. ఆ తర్వాత మణికట్టుకు, మోకాళ్లకు ఆపరేషన్లు అయ్యాయి. 2013లో సింగిల్స్ పక్కనపెట్టి డబుల్సే ఆడతానంది. అది విని నాయన ఫోన్‌లో నిట్టూర్చాడు. "ఒగతే ఆడి గెలిస్తే గదమ్మా గెలుపు. ఇద్దరు కలిసి గెలిస్తే యెవురు గెల్చినట్టు?"

వాలీలు, రిటర్నుల సంగతి చెబితే ఆయన చెవికెక్కలేదు. దాంతో బండలాగుడు ఎత్తుకున్నాను. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు తిరునాళ్లలో బండలాగుడు పందెమంటే మా నాయన పనులన్నీ మానుకుని పోతాడు. ఏ ఎద్దు వలపటకు పనికొస్తుంది, ఏది దాపటకు పనికొస్తుంది, ఏ రెండింటికి కుదరదు, అంతా ఆయనకు నోటికి వచ్చు. సానియాది వలపట, తన జోడీ మార్టినా హింగిస్‌ది దాపట అన్నాను. కుడివైపు నిలబడి ఫోర్‌హ్యాండ్‌తో బంతిని పగలగొట్టేది సానియా. ఎడమవైపు బ్యాక్‌హ్యాండ్‌తో కాచుకుని, నెట్ దగ్గర ఎదుటివాళ్ల ఆలోచన ముందే పసిగట్టేది హింగిస్. "అట్ల చెప్పు మరి" అన్నాడు నాయన. అప్పట్నుంచి సానియా మ్యాచ్ ఎప్పుడని ఆయనే అడిగేవాడు.

ఆ జోడీ 2015 మార్చిలో మొదలైంది. ఇండియన్ వెల్స్, మయామీ, చార్ల్‌స్టన్ వరసగా గెలిచారు. ఏప్రిల్ 13న సానియా డబుల్స్ నంబర్ వన్ అయింది. జులైలో వింబుల్డన్ ఫైనల్లో మకరోవా, వెస్నినాల మీద మూడో సెట్లో 2-5తో వెనకబడ్డారు. 5-5కు లాక్కొచ్చేసరికి చీకటి పడి సెంటర్ కోర్టు పైకప్పు మూసి లైట్లు వేశారు. ఆట మళ్లీ మొదలయ్యాక 7-5తో ముగించారు. తర్వాత యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా గెలిచారు. వరసగా 41 మ్యాచులు ఓడిపోలేదు.

2016 ఆగస్టులో ఆ జోడీ విడిపోయింది. వెంటనే మా మేసన్‌లో జరిగిన ఫైనల్లో వాళ్లిద్దరూ ఎదురెదురు నిలబడ్డారు. సానియా పక్కన బార్బొరా స్ట్రిచోవా, హింగిస్ పక్కన కోకో వాండెవే. అప్పటికి నంబర్ వన్ ర్యాంకులో పాతజోడీ ఇద్దరికీ సమాన వాటా. నేను చూస్తూ ఉండిపోయింది నెట్ దగ్గరి చేతుల్ని. ఒకరు సర్వీస్ చేయబోతుంటే, నెట్ దగ్గరున్నావిడ చెయ్యి వీపు వెనక పెట్టి వేళ్లతో సైగ చేస్తుంది. తాను అడ్డం దూకుతుందా, ఉన్నచోటే ఉంటుందా అన్నది ఆ సైగలోనే ఉంటుంది. పాయింటు పాయింటుకూ మధ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రెండు ముక్కలు మాట్లాడుకుంటారు. నిన్నమొన్న కలిసిన మనిషితో ఆ సైగలన్నీ కుదరాలి, అదీ తన ఆట లోతులు తెలిసిన పాత జోడీ ఎదురుగా ఉండగా. సానియా, స్ట్రిచోవా 7-5, 6-4తో గెలిచారు. సానియా ఒక్కతే నంబర్ వన్‌గా మిగిలింది. "యెవురు గెల్చినట్టు?" అన్న నాయన ప్రశ్నకు నాకు ఆరోజు జవాబు దొరికింది.

డబుల్స్ అంటే సగం ఆట కాదు. పక్కన ఎవరున్నా వాళ్లకున్నదేమిటో, తనకు లేనిదేమిటో తొందరగా లెక్కగట్టి జత కుదుర్చుకోవడం అందులో అసలు విద్య. సానియా ఆరు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు హింగిస్‌తో వచ్చాయి. మిక్స్‌డ్‌లో మహేశ్ భూపతితో రెండు, బ్రూనో సోరెస్‌తో ఒకటి. కారా బ్లాక్‌తో 2014 డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచింది. బాబు పుట్టాక తిరిగొచ్చి, 2020లో హోబర్ట్‌లో నదియా కిచెనోక్‌తో టైటిల్ కొట్టింది. మొత్తం 43 డబుల్స్ టైటిళ్లు, 91 వారాలు నంబర్ వన్. 2023 జనవరిలో, 36 ఏళ్ల వయసులో, రోహన్ బోపన్నతో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్ ఆడి, ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆట చాలించింది.

డబ్బు మాత్రం ఈ విద్యకు తక్కువే. 2015 యూఎస్ ఓపెన్‌లో సింగిల్స్ విజేతకు 33 లక్షల డాలర్లు. డబుల్స్ గెలిచినవాళ్లకు 5 లక్షల 70 వేలు, అదీ ఇద్దరికీ కలిపి. మేసన్‌లో పిల్లల్ని టెన్నిస్ కోచింగ్‌కు దింపే మనవాళ్లు ఇప్పటికీ సింగిల్స్ ర్యాంకు గురించే అడుగుతారు. కాలేజీ స్కాలర్‌షిప్ వాళ్ల ఆశ. నిజానికి ఇక్కడి కాలేజీ టెన్నిస్‌లో ఏడు పాయింట్లు ఉంటాయి. ఆరు సింగిల్స్‌కు ఆరు, మూడు డబుల్స్‌లో రెండు గెలిచిన కాలేజీకి ఒకటి. సింగిల్స్ మూడూ మూడుగా తెగితే ఆ డబుల్స్ పాయింటే గెలుపు తేలుస్తుంది.

అందుకే శనివారాలు మా పాపను డబుల్స్‌కు పంపుతున్నాను, అదీ వారానికో కొత్త జోడీతో. మొదట్లో "నా బంతి నువ్వెందుకు కొట్టావ్" అని పక్కపిల్లతో పోట్లాడి మూతి ముడుచుకుని వచ్చేది. ఇప్పుడు బంతి గాల్లో ఉండగానే "నాది" అనో "నీది" అనో అరుస్తోంది. ఓడిపోయి వచ్చిన రోజు కూడా, వచ్చే వారం జోడీ ఎవరని కారెక్కకముందే అడుగుతోంది.