తల్లికోడి లేని పిల్లలు

పొద్దున్నే కోళ్లగూడు తలుపు తీసిన అత్తగారు అక్కడే కూలబడిపోయింది. నిన్నటిదాకా కాళ్లకడ్డం పడుతూ తిరిగిన పిల్లల్లో మరొకటి మూలన కాళ్లు చాచి పడుంది. అది మూడోది. వాకిలి ఊడుస్తున్న కోడలి చేతిలో చీపురు ఆగిపోయింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు.

కృష్ణా జిల్లాలో ఓ చిన్న ఊరు. ఆ ఇంట్లో కోళ్లంటే అత్తగారి రాజ్యం. పొద్దున గుప్పెడు నూకలు, సాయంత్రం ఇంకో గుప్పెడు. మిగతాది పెంటకుప్పలోనో గడ్డివాము కిందో అవే ఏరుకునేవి. ఇప్పుడు పెంటకుప్పా లేదు, గడ్డివామూ లేదు. పెరడు సగం సిమెంటు గచ్చు. పెట్టలు పల్చటి పెంకుతో గుడ్లు పెట్టసాగాయి. అప్పుడప్పుడూ తోలుగుడ్లు కూడా.

డ్వాక్రా సంఘంలో ఎవరో చెబితే కోడలు లేయర్ దాణా తెచ్చి పోసింది. కొద్దిరోజుల్లోనే పెంకు గట్టిపడింది. ‘నీ సంచీ బాగానే పనిచేసిందే అమ్మాయ్’ అంది అత్తగారు. ఆ ఇంట్లో మెచ్చుకోలు రోజూ దొరికేది కాదు.

ఆ ధైర్యంతోనే కోడలు తన పొదుపు డబ్బుతో నెల వయసు గ్రామప్రియ పిల్లల్ని పన్నెండు తెచ్చింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన రకమది. పెద్దవాటికి మేలు చేసింది చిన్నవాటికి చేయదా అనుకుని అదే దాణా పోసింది. నెలన్నర తిరిగేసరికి పిల్లలు ముడుచుకుని కూర్చోవడం, తెల్లగా నీళ్లలా రెట్ట వేయడం మొదలైంది. కొక్కెర తెగులేమోనంది పక్కింటావిడ.

చచ్చిన పిల్లని సంచిలో పెట్టుకుని కోడలు పశువుల ఆసుపత్రికి బయల్దేరింది. అత్తగారూ వెంట నడిచింది. డాక్టరు కోసి చూపించారు. గుండె మీదా కాలేయం మీదా సున్నం చల్లినట్టు తెల్లటి పూత. ఏం పెడుతున్నారని అడిగి తెలుసుకున్నారు.

‘ఇది తెగులు కాదమ్మా, తిండి. ఒక్కో గుడ్డు పెంకుకీ దాదాపు 2 గ్రాముల కాల్షియం కావాలి. అందుకే లేయర్ దాణాలో అది 3.5 శాతం దాకా ఉంటుంది. పిల్లలకి 1 శాతం చాలు. అంతకు మించితే మూత్రపిండాలు దెబ్బతిని మలినాలు ఇలా ఒంట్లోనే పేరుకుపోతాయి.’

కోడలు తల దించుకుంది. ‘నూకలు చాలని నేను ముందే...’ అనబోయింది అత్తగారు.

‘ఉత్త నూకలతోనూ ఎదగవు మామ్మగారూ. వాటిలో మాంసకృత్తులు 8 శాతానికి మించవు. ఈ వయసుకి 20 శాతం దాకా కావాలి. మీ నాటుకోడి పిల్లల్ని వెంట తిప్పి చెదలూ పురుగులూ తినిపించేది. ఇవి మిషన్లో పొదిగిన పిల్లలు. వీటికి తల్లి మీరే.’

మొదటి రెండు నెలలూ పిల్లల దాణా, ఆ తర్వాత 16 శాతం మాంసకృత్తులుండే గ్రోయర్ దాణా పెట్టమన్నారు. గుడ్లకొచ్చాకే లేయర్. ఒకదాన్నుంచి మరోదానికి మారేటప్పుడు వారం రోజులు రెండూ కలిపి పెట్టాలి. పెద్దా చిన్నా ఒకేచోట తింటుంటే అన్నిటికీ గ్రోయరే పోసి, నలగ్గొట్టిన ఆల్చిప్పలు విడిగా చిప్పలో పెట్టమన్నారు. పెట్టలు తమకు కావలసినంత ఏరుకుంటాయి. పెంకు ఎక్కువగా రాత్రిపూటే తయారవుతుంది కాబట్టి సాయంత్రం పెడితే మరీ మంచిది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్తగారే నోరు విప్పింది.

‘నీ మొగుడికి నాలుగో నెలలోనే పప్పన్నం పెట్టాను. బలమొస్తుందనుకున్నా. వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. మీ మామయ్యకి కూడా చెప్పలేదు.’

కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.

ఇంకో పిల్ల పోయింది. ఎనిమిది నిలిచాయి. దాణా కొలిచి పోయడం కోడలి పని. పాతకుండలో పేడ, తడిపిన గడ్డి కూరి రాత్రిపూట పుట్ట పక్కన బోర్లించడం అత్తగారి పని. తెల్లారేసరికి దాన్నిండా చెదలు. పిల్లలు కుండ చప్పుడు వింటేనే పరిగెత్తుకొచ్చేవి.

ఆరో నెలలో ఓ ఉదయం అత్తగారు కొంగులో ఏదో దాచుకుని వంటింట్లోకి వచ్చింది. కోడలి అరచేతిలో ఓ చిన్న గుడ్డు పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది.

‘ఇప్పుడు తెచ్చుకో నీ సంచీ’ అంది.