సాయంత్రం పూట వినిపించే రొద

సెల్‌ఫోనులోనో కంప్యూటరులోనో మనం దాచుకున్న పాట అక్కడ పాటగా ఉండదు, అంకెల వరుసగా ఉంటుంది. సంక్రాంతి ముగ్గును గుర్తు తెచ్చుకోండి. ముందు వరుసగా చుక్కలు పెడతారు, తరువాత వాటి మీదుగా చెయ్యి వంపులు తిరుగుతూ గీత లాగుతుంది. సీడీలో సెకనుకు 44,100 చుక్కలుంటాయి. ఒక్కొక్క చుక్క ఎంత ఎత్తున ఉండాలో చెప్పడానికి 65,536 మెట్లుంటాయి. ఈ చుక్కలను తిరిగి వంపు గీతగా, అంటే హెచ్చుతగ్గులుండే విద్యుత్ సంకేతంగా మార్చే సాధనమే డిజిటల్-అనలాగ్ కన్వర్టరు. వాడుకలో దాన్ని డాక్ అంటారు. మీ ఫోనులోనూ ఒకటి ఉంది. వినడమే పనిగా ఉన్నవాళ్లు దాన్ని విడిగా, బల్ల మీద పెట్టుకునే పెట్టె రూపంలో కొనుక్కుంటారు.

నాకు అలాంటి పెట్టె ఒకటి ఉంది. పాఠ్యాంశాలు రాయడంతో పాటు, వాటిని చదివి రికార్డు చేసిన శ్రవ్యపాఠాలను విని, పంపవచ్చో లేదో రాసి ఇవ్వడం కూడా నా ఉద్యోగంలో భాగం. చూపు లేని అభ్యాసకులకు ఆ పాఠాలే పుస్తకం. అందుకని సాయంత్రాలు ఇంట్లో హెడ్‌ఫోను పెట్టుకుని వింటాను. పెట్టెను పాతది కొన్నాను. తయారుచేసిన వారి పేరు ఇక్కడ అవసరం లేదు.

ఒక ఎండాకాలం, 22 పాఠాల కట్ట ఒకటి వినవలసి వచ్చింది. చదివింది పదవీ విరమణ చేసిన ఒక తెలుగు ఉపాధ్యాయురాలు. గొంతు చక్కగా ఉంది, ఉచ్చారణలో ఎక్కడా తొట్రుపాటు లేదు. కాని వాక్యానికీ వాక్యానికీ మధ్య నిశ్శబ్దం ఉండవలసిన చోట, దూరంగా తుమ్మెద తిరుగుతున్నట్టు గుంయ్‌మనే రొద వినిపిస్తోంది. రొద రికార్డింగులో ఉంటే ఆమె 22 పాఠాలూ మళ్లీ చదవాలి. డెబ్భై దాటిన మనిషిని మళ్లీ వారం రోజులు ఆ మూసిన గదిలో కూర్చోబెట్టాలి. అలా రాసే ముందు, రొద ఎక్కడిదో తేల్చుకోవడం నా బాధ్యత.

ఇలాంటి వెతుకులాటలో మొదట ముట్టుకోవలసింది స్క్రూడ్రైవరును కాదు. ఏది ఉన్నప్పుడు రొద ఉంది, ఏది తీసేస్తే పోయింది అన్నది ముందు చూడాలి. పాఠం ఆపేశాను, రొద ఉంది. అంటే అది పాఠంలోది కాదు. అక్కడితో ఆ ఉపాధ్యాయురాలి పని తప్పిపోయింది. అయినా కట్టను పక్కన పెట్టవలసే వచ్చింది, ఎందుకంటే రొద కింద రికార్డింగులోని నిజమైన లోపాలేవైనా దాగి ఉంటే నాకు వినపడవు. తరువాత కంప్యూటరు ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడిపాను, రొద తగ్గలేదు. రెండు పరికరాలు రెండు దారుల్లో ఎర్తుకు కలిసినప్పుడు కూడా ఇలాంటి శబ్దం వస్తుంది. ఛార్జరు తీసినా మార్పు లేదు కాబట్టి ఆ అనుమానం వీగిపోయింది. చివరికి కంప్యూటరు తీగ కూడా పీకేశాను. పెట్టె ఒంటరిగా, హెడ్‌ఫోనుతో మాత్రమే ఉంది. అయినా గుంయ్‌మంటూనే ఉంది.

మర్నాడు సెలవు. మధ్యాహ్నం పెట్టె వేస్తే చప్పుడు లేదు! సాయంత్రం ఏడింటికి మళ్లీ మొదలు.

ఇక్కడ చదవడం కాసేపు ఆపి మీరే ఆలోచించండి: మధ్యాహ్నానికీ సాయంత్రానికీ పెట్టెలో ఏం మారి ఉంటుంది?

పెట్టెలో ఏమీ మారలేదు. మారింది గోడకున్న ప్లగ్గులో. మేముండేది ఢిల్లీ శివార్లలో, విద్యుత్తు లైను చివర. సాయంత్రం అందరూ కూలర్లు వేస్తారు. మల్టీమీటరు పెట్టి చూస్తే మధ్యాహ్నం 226 వోల్టులు, సాయంత్రం 178.

దీనికీ రొదకూ సంబంధం తెలియాలంటే పెట్టెలోకి విద్యుత్తు ఎలా వస్తుందో చూడాలి. మన ఇళ్లకు వచ్చేది ఏకాంతర విద్యుత్తు, సెకనుకు 50 ఆవర్తనాలు. పెట్టెలోని ట్రాన్స్‌ఫార్మరు దాన్ని 15 వోల్టులకు తగ్గిస్తుంది. డయోడ్లు దాన్ని ఒకే దిక్కుకు తిప్పుతాయి, అప్పుడు సెకనుకు 50 బదులు 100 గుబ్బలు వస్తాయి. ఆ గుబ్బల మధ్య పల్లాలను నింపేది కెపాసిటరు. కుళాయి నీళ్లు ఆగి ఆగి వచ్చే ఇంట్లో తొట్టి చేసే పనే ఇదీ. దాని తరువాత రెగ్యులేటరు అనే మూడు కాళ్ల భాగం, తొట్టి మట్టం ఎలా ఊగినా బయటికి సరిగ్గా 15 వోల్టులే వదులుతుంది. అయితే దానికి ఒక షరతు ఉంది. తాను ఇచ్చేదాని కంటే సుమారు 2 వోల్టులు ఎక్కువ తనకు అందుతూ ఉండాలి.

లెక్క వేద్దాం. గోడలో 230 ఉంటే ట్రాన్స్‌ఫార్మరు 15 ఇస్తుంది. దాని శిఖరం 15 ఇంటూ 1.414, అంటే 21.2. డయోడులో 0.7 పోగా 20.5. రెగ్యులేటరుకు కావలసింది 17. ఇబ్బంది లేదు. గోడలో 178 ఉంటే అదే లెక్కన మిగిలేది 15.7 మాత్రమే. రెగ్యులేటరు చేతులెత్తేస్తుంది. తొట్టిలోని ఊగిసలాటంతా దాని గుండా నేరుగా ధ్వని భాగంలోకి పోతుంది. సెకనుకు 100 సార్లు ఊగే ఆ విద్యుత్తే హెడ్‌ఫోనులో తుమ్మెద.

పెట్టె మూత తీసే ముందు ఒక మాట. 230 వోల్టులతో పరాచికాలు వద్దు. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకి కళ్లెదుట పెట్టుకోండి. కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు దిగేదాకా కొద్ది నిమిషాలు ఆగండి. విద్యుత్తు ఉండగా కొలవవలసి వస్తే మీటరు తీగలను ముందే క్లిప్పులతో తగిలించి, ఆ తరువాత ప్లగ్గు పెట్టండి. చేతులు దూరంగా ఉంచండి.

నేను అలాగే కొలిచాను. సాయంత్రం వేళ 15 ఉండవలసిన చోట 13 కంటే తక్కువే ఉంది. లెక్క ప్రకారం పడిపోవలసిన దానికంటే ఇది ఎక్కువ పతనం. కెపాసిటర్లను ఊడదీసి మీటరుతో చూస్తే, 1000 మైక్రోఫారడ్లు అని రాసి ఉన్నది 290 చూపింది. ఈ రకం కెపాసిటర్ల లోపల తడి ద్రవం ఉంటుంది. వేడికి ఏళ్ల తరబడి అది ఆరిపోతూ వస్తుంది. ఆ పెట్టెలో వాటిని వేడెక్కే రెగ్యులేటరు పక్కనే బిగించారు. అలా బిగించిన వారి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక్కో వైపు సుమారు 50 మిల్లీ ఆంపియర్లు వాడే పెట్టెలో 1000 మైక్రోఫారడ్లుంటే ఊగిసలాట అర వోల్టు. 290 ఉంటే 1.7 వోల్టులు.

లాజ్‌పత్ రాయ్ మార్కెట్టులో కొత్త కెపాసిటర్లు కొన్నాను. హైదరాబాదులో ఉండేవారికి కోఠీ గుజరాతీ గల్లీలో ఇవి దొరుకుతాయి. పాతవి 25 వోల్టులవి. వోల్టేజి పెరిగిన రోజున అవి హద్దుకు మరీ దగ్గరగా ఉంటాయి, కాబట్టి 35 వోల్టులవి, 105 డిగ్రీల వేడి తట్టుకునేవి తీసుకున్నాను. బిగించేటప్పుడు ధన, ఋణ గుర్తులు చూసుకోవాలి. తిరగేసి పెడితే పగిలే ప్రమాదం ఉంది. ఆ సాయంత్రం రొద బాగా తగ్గింది గాని పోలేదు. పోకపోవడం లెక్కకు సరిపోయింది. తొట్టి బాగుపడినా మట్టం ఇంకా 17 కిందనే ఉంది కదా.

మార్పు చేయవలసిన చోటు అదే. ఈ సందర్భంలో చాలామంది ధ్వని భాగంలోని ఆంప్లిఫయరు చిప్పును ఖరీదైన దానితో మారుస్తారు. నా పెట్టెలో ఉన్నది 5532 అనే మామూలు చిప్పు. దాన్ని మార్చమని తెలిసినవారు నాకూ చెప్పారు. నాకు ఆ ఉత్సాహం తక్కువ. సరైన ఏర్పాటు లేని చోట వేగమైన చిప్పు పెడితే అది తనంత తానే కంపించి వేడెక్కవచ్చు. పైగా కొత్త చిప్పు బాగుందనిపించడానికి కారణం కొన్నిసార్లు శబ్దం కాస్త పెద్దదిగా రావడమే. రెండింటినీ పోల్చదలిస్తే ముందు మీటరుతో రెండు శబ్దాలనూ ఒకే మట్టానికి తేవాలి. ఆ పని చేసేవారు అరుదు.

నేను మార్చింది రెగ్యులేటర్లను. 15 వోల్టులిచ్చే 7815, 7915ల స్థానంలో 12 ఇచ్చే 7812, 7912 పెట్టాను. వీటికి 14 అందితే చాలు, సాయంత్రం కూడా 15 పైనే అందుతోంది. 12తో ధ్వని భాగానికి చాలుతుందా? ఆ పెట్టె బయటికిచ్చే సంకేతం 2 వోల్టులు, దాని శిఖరం 2.83. 5532 చిప్పు 12 వోల్టుల మీద హాయిగా పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త: 78, 79 వరుసలు చూడటానికి కవలల్లా ఉన్నా కాళ్ల క్రమం వేరు. ఒకదాని చోట ఇంకొకటి పెట్టకూడదు.

మర్నాడు రాత్రి ఎనిమిదింటికి గోడలో 181 వోల్టులు. రెగ్యులేటరు దగ్గర 12.0. హెడ్‌ఫోను పెట్టుకుంటే, పెట్టె వేసి ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దం. కట్ట మొదటి నుంచి మళ్లీ విన్నాను. రెండు సాయంత్రాలు పట్టింది. 21 పాఠాలు శుభ్రంగా ఉన్నాయి. పదకొండో పాఠంలో మాత్రం, ఛందస్సు మీద ఆమె గణాలు వివరిస్తున్న చోట, వెనకాల ఫ్యాను కిర్రుమంటోంది. అది నిజంగా రికార్డింగులోదే. గది ఫ్యాను ఆపి ఆ ఒక్క పాఠం మళ్లీ చదివించమని రాసి, మిగిలినవాటి మీద సంతకం పెట్టి పంపాను.